డ్రిల్లు నొసటి బొట్టు

రేణుక పుట్టిన వెంటనే ఏడవలేదట. ఎందుకు ఏడవాలో తెలియకుండా ఏడిచేది లేదన్నట్టు దవాఖానలో నర్సు ముఖంలోకి కళ్ళార్పకుండా చూస్తూ ఉండిపోయిందట. వీపు మీద రెండు పడ్డాక కారణం దొరికింది గనక అప్పుడు ఏడిచిందట. ఈ సంగతి చెప్పేది వాళ్ళమ్మ రాజమ్మ. రాజమ్మ చెప్పే మాటల్లో సగం తీసేసి వినాలని వాళ్ళుండే బోరబండ బస్తీలో అందరికీ తెలుసు. ఏ సగం తీసేయాలన్నదే ఇంతవరకూ ఎవరికీ తేలలేదు.

బడిలో జరిగినదానికి మాత్రం సాక్షులున్నారు. ఒకరోజు మేరీ టీచర్ ఆస్ట్రేలియా రాజధాని ఏదని అడిగింది. క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో "సిడ్నీ" అని అరిచింది. రేణుక ఒక్కతే లేచి నిలబడి "తెల్వది టీచర్" అంది. అందరూ చెప్పింది తప్పు, రేణుక చెప్పింది నిజం. బెంచీ ఎక్కింది మాత్రం రేణుకే. ఆనాటి నుంచి ఆమె పేరు తెల్వది రేణుక అయిపోయింది. ఆమె ఏడవలేదు. బెంచీ మీద నుంచి కిటికీ బయట రైలు బాగా కనిపించిందని ఇంటికొచ్చి చెప్పింది.

ఇట్లాంటి పిల్ల పాలిటెక్నిక్ చదివి, ఆ తర్వాత ఇంజనీరింగ్ పూర్తిచేసి, హైటెక్ సిటీలో ఉద్యోగానికి బయల్దేరింది. ఆ అద్దాల మేడల్లో ఒకదాంట్లో రాజమ్మ హౌస్‌కీపింగ్ చేసేది. పైకి చూస్తే ఆ మేడలు సిమెంటు మీద నిలబడినట్టే ఉంటాయి గానీ, నిజానికి "అయిపోతుంది సార్" అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంటాయి. ఇంటర్వ్యూలో ఏది వచ్చా అని అడిగినా పక్కవాళ్ళు వచ్చనేవాళ్ళు. రేణుక "రాదు సార్, నేర్చుకుంట" అనేది. వాళ్ళు చిరునవ్వు నవ్వి, నీళ్ళ సీసా ఒకటి చేతికిచ్చి పంపేసేవాళ్ళు. ఆ రోజుల్లో ఇంట్లో నీళ్ళ సీసాలకు కరువే లేదని రాజమ్మ అంటుంది.

చివరికి కొండాపూర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన ఉన్న చిన్న కంపెనీలో ఆమె మాట చెల్లింది. యజమాని మధుసూదన్‌ది కాకినాడ. పళ్ళ డాక్టర్ల కుర్చీలకు చేతులు, దవాఖానలకు స్టూళ్ళు తయారుచేయిస్తాడు. ఆయన ఒక కుర్చీ చెయ్యి చూపించి అడిగాడు.

"ఈ స్క్రూ ఎందుకు విరిగిపోతోందో చెప్పగలరా అండీ?"

"తెల్వది సార్. విరిగిన ముక్కలు ఇస్తే చూసి చెప్త."

అంతకుముందు వచ్చినవాళ్ళంతా ముక్కలు అడగకుండానే కారణాలు చెప్పి వెళ్ళారు. మధుసూదన్ ఆ పూటే ఆమెకు కుర్చీ చూపించాడు. కూర్చునే కుర్చీయే, బాగుచేసేది కాదు.

అక్కడికి ఒకరోజు డాక్టర్ సీతారామయ్య స్టూలు చేయించుకోవడానికి వచ్చాడు. వెన్నెముక ఆపరేషన్లలో పండిపోయిన చేయి. నోరు కూడా అంతే పండింది. రేణుక స్టూలు ఎత్తు కొలుస్తుంటే ఆయన గొణిగాడు.

"స్టూలుదేముంది అమ్మాయ్. మా డ్రిల్లు సంగతి చూసేవాళ్ళే లేరు. అది గుడ్డిది. ఎముక ఎక్కడ అయిపోయిందో దానికి తెలీదు. ఎముక కింద ఉల్లిపొరంత తెర, ఆ తెర వెనక నరాల తాడు. మనిషి లేచి నడవాలన్నా, కాలివేలు కదపాలన్నా ఆ తాడే. డ్రిల్లు ఒక్క వెంట్రుకంత ఎక్కువ దిగిందా, అంతే. ఎముక అయిపోయిందని దానికి నా చెయ్యి చెప్పాలి. ఆ చేతికేమో వయసొస్తోంది."

"డ్రిల్లే తెలుసుకుని ఆగిపోతే?" అంది రేణుక.

"ఆగుతుందా?"

"తెల్వది సార్."

ఆయన కళ్ళజోడు పైకి తోసి ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాడు.

ఆ "తెల్వది"ని "తెలిసింది"గా మార్చడానికి ఏళ్ళే పట్టాయి. డ్రిల్లు మూతి దగ్గర రేణుక ఒక సన్నని ఉంగరం అమర్చింది. అది వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ కదులుతూ, ఎముక ఎంత గట్టిగా ఎదురు నెడుతోందో కనిపెడుతూ ఉంటుంది. ఎముక అయిపోయే క్షణంలో ఆ ఎదురు తగ్గుతుంది. తగ్గిందని చేతికి తెలిసేలోపే డ్రిల్లు తనంతట తాను ఆగిపోతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం కొండాపూర్ కోళ్ళన్నీ ఓవర్‌టైం చేయాల్సి వచ్చింది. ఎందుకంటే ఈ విద్యకు పరీక్ష కోడిగుడ్డు మీద. పెంకు తొలవాలి, లోపలి పొర చిరగకూడదు. మొదట్లో ప్రతి గుడ్డూ చిరిగింది, చిరిగిన ప్రతి గుడ్డూ కింద టిఫిన్ సెంటర్లో ఆమ్లెట్టయింది. సాఫ్ట్‌వేర్ రాసే కడప సందీప్, ఆ ఏడాది తన నెత్తి మీద వెంట్రుకల బదులు ఈకలు మొలుస్తున్నాయని ఒట్టేసి చెప్పేవాడు.

గుడ్ల తర్వాత మేక వెన్నెముకలు. బోరబండ మటన్ కొట్టు శ్రీనుకు ఆమె బేరం అర్థమయ్యేది కాదు.

"అక్కా, ముక్కలు కొట్టద్దంటవు, కీమా వద్దంటవు, బొక్క మీద గాటు పడద్దంటవు. ఇంతకూ తినెటందుకా, పెండ్లి చేసెటందుకా?"

"రెండు కాదు. ఆపరేషన్ చేసెటందుకు."

"సచ్చినంక ఆపరేషనా! అది బతికున్నప్పుడే చెప్పుంటే సంతోషపడుతుండె కదనే!"

అంతా బాగానే ఉంది గానీ, ఒక్క విషయంలో రేణుకకూ మధుసూదన్‌కూ పడలేదు. మీట నొక్కిన ప్రతిసారీ ఆ డ్రిల్లు వెంటనే తిరగదు. ముందు తన మూతి ఉంగరాన్ని తానే ఒకసారి కదిపి చూసుకుంటుంది. అది సాఫీగా కదిలితేనే తిరుగుతుంది. లేకపోతే ఎర్రదీపం వెలిగించి మొరాయిస్తుంది.

"నొక్కగానే తిరగాలి కదండీ రేణుక గారూ! ఇదేంటండీ, పరీక్ష హాల్లో పిల్లాడిలా దండం పెట్టుకుని మొదలెడుతోంది?"

"సార్, దానికి ఎముక అయిపోయింది తెలుస్తలేదనుకోండ్రి. తెల్వకుంట తిరిగితే అది పాత గుడ్డి డ్రిల్లే గద. తెల్వనప్పుడు తెల్వది అనాలె."

సందీప్ పకపకా నవ్వి ఆ దీపానికి తెల్వది లైటు అని పేరు పెట్టాడు. మధుసూదన్‌కు నవ్వు రాలేదు. అయినా తీయించలేదు.

దసరా దగ్గరపడింది. పండుగ మరునాడు డాక్టర్ సీతారామయ్య స్వయంగా వచ్చి డ్రిల్లు పట్టి చూస్తానన్నాడు. ఆయనకు నచ్చితే కొత్త సర్జన్లు చేయి అలవాటు చేసుకునే శిక్షణశాలకు దాన్ని తీసుకెళతాడు. అక్కడ నెగ్గితే తర్వాతి పరీక్షలకు దారి పడుతుంది. నచ్చకపోతే ఏమిటన్నది మధుసూదన్ ముందే చెప్పేశాడు: "మళ్ళీ కుర్చీలే చేసుకుందామండీ. ఇంతకంటే లాగలేను."

పండుగ ముందురోజు ఆఫీసులో ఆయుధపూజ. ఇంటివాళ్ళను కూడా పిలిచారు. రాజమ్మ కొత్త చీర కట్టుకుని, ఇంట్లో చిక్కగా కలిపిన పసుపు, కుంకుమ గిన్నెల్లో పట్టుకుని వచ్చింది. లేతు మిషన్‌కు బొట్టు పెట్టింది, కంప్యూటర్లకు పెట్టింది, అడ్డొచ్చిన సందీప్‌కు కూడా పెట్టింది. డ్రిల్లు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"బిడ్డా, దీని నొసలేడుంది?"

రేణుక ఆలోచించలేదు. జీవితంలో మొట్టమొదటిసారి, తెలియని ప్రశ్నకు జవాబు చెప్పేసింది. కూతురి ముఖం చూపినట్టు ముద్దుగా డ్రిల్లు మూతి చూపించి, "గిదే అమ్మా" అంది.

రాజమ్మ నిండు మనసుతో, నిండు వేలితో బొట్టు పెట్టింది. పూజ చేసిన పనిముట్టును పండుగ దాటేదాకా ముట్టుకోకూడదు. ఎవరూ ముట్టుకోలేదు.

పండుగ మరునాడు రేణుక పొద్దున్నే ఎంఎంటీఎస్ రైలెక్కి వచ్చేసింది. అయినా డాక్టర్ ఆమె కంటే ముందే వచ్చి కూర్చున్నాడు. రేణుక గబగబా డ్రిల్లు మీది బొట్టును గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టింది. డాక్టర్ జేబులోంచి రుమాలు మూట తీశాడు. అందులో గుడ్డు.

"మీ గుడ్లు నాకొద్దు. వాటికి మీరు ట్రైనింగ్ ఇచ్చి ఉంటారు."

"మీరు గుడ్డు తినరు కదండీ డాక్టరు గారూ?" అన్నాడు మధుసూదన్ మర్యాదగా.

"తినను. ముప్పై ఏళ్ళుగా తొలుస్తున్నాను. మా ఇంటావిడ దృష్టిలో రెండూ ఒకటే పాపం."

రేణుక డ్రిల్లు అందుకుని మీట నొక్కింది. ఎర్రదీపం. మళ్ళీ నొక్కింది. ఎర్రదీపం. తీగ ఊడదీసి పెట్టింది. ఎర్రదీపమే. అప్పుడే డాక్టర్‌కు ఫోను వచ్చింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి మాట్లాడసాగాడు.

సందీప్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అక్కా, పిడి కింద నేను టెస్టింగ్‌కి పెట్టిన స్విచ్ ఉందే. అది నొక్కితే చెకింగ్ లేకుండా తిరుగుతాది. ఇన్ని గుడ్లు తొలిచిన చెయ్యి నీది, పొర చిరగదులే. ఆయప్పకు తెలీదు."

మధుసూదన్ కళ్ళతో బతిమాలాడు. ఆ కళ్ళలో ఆమెకు పళ్ళ డాక్టర్ల కుర్చీలు వరసగా కనిపించాయి.

సందీప్ చెప్పింది నిజమే. ఆమె చేయి ఆ పని చేయగలదు. గుడ్డు నెగ్గుతుంది, డాక్టర్ భుజం తడతాడు. ఆ తర్వాత ఒకనాడు ఎవరి వెన్ను మీదనో, ఆగుతుందన్న నమ్మకంతో ఎవరో ఈ డ్రిల్లును ఆనిస్తారు.

రేణుక స్విచ్ మీదకు చేయి పోనివ్వలేదు. డ్రిల్లును వెలుగులోకి ఎత్తి, ఉంగరం చుట్టూ గోటితో మెల్లగా గీకింది. గోరు పచ్చగా అయింది.

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చివరికి మాటే వచ్చింది. డాక్టర్ ఫోను పెట్టి ఇటు తిరిగేసరికి చెప్పేసింది.

"సార్, తప్పు నాది. మొన్న ఆయుధపూజల మా అమ్మ దీని నొసలేది అనడిగితే మూతి చూపిచ్చిన. పసుపు ఉంగరం సందుల పోయి ఎండిపోయింది. ఇందాక తుడిచినప్పుడు ఇంకింత లోపలికి నూకిన. ఉంగరం కదుల్తలేదు. ఎముక తెల్వదని డ్రిల్లుకు అర్థమైంది, అందుకే తిరుగుతలేదు."

కింద నుంచి దోసె చుయ్యిమన్న చప్పుడు వినిపించింది.

"చెకింగ్ లేకుండా తిప్పే మార్గమేమీ లేదా?" అన్నాడు డాక్టర్.

"ఉన్నది సార్. పిడి కింద స్విచ్."

"మరి నేను అటు తిరిగినప్పుడు నొక్కలేదేం?"

"నొక్కితే మీకు నా చెయ్యి చూపిచ్చినట్టయితది. డ్రిల్లును చూపిచ్చినట్టు కాదు."

డాక్టర్ డ్రిల్లు అందుకున్నాడు. తానే మీట నొక్కాడు. ఎర్రదీపం. ఇంకోసారి నొక్కాడు. ఎర్రదీపం. చిన్నపిల్లాడు కొత్త బొమ్మ నొక్కినట్టు నొక్కుతూనే ఉన్నాడు. అది ఆయనకూ లొంగలేదు.

"మధుసూదన్ గారూ, నా సర్వీసులో తెలియకపోయినా తిరిగే డ్రిల్లులను చూశాను. తెలియకపోయినా మాట్లాడే డాక్టర్లను ఇంకా ఎక్కువ చూశాను. తెలియదని చెప్పి ఆగిన యంత్రాన్ని ఇప్పుడే చూస్తున్నా." రేణుక వైపు తిరిగాడు. "సంబరపడకు. ఇవాళ పసుపు పోయిన సందులోకి రేపు రక్తం పోయి గడ్డకడుతుంది. అప్పుడు ఆపరేషన్ మధ్యలో మొరాయిస్తే నేనేం చేయను? భజనా?"

"ఆ సందు మూయాలె సార్. మెత్తటి తొడుగుతోని మూస్త. మా అమ్మ బొట్టు పెట్టకుంటే నాకు ఆ సందు కనపడకపోతుండె."

"ఎట్లా మూస్తావు? ఉంగరం కదలాలి కదా?"

"ఇంకా తెల్వది సార్."

"భేష్," అన్నాడు డాక్టర్. "ముందు కడుక్కురా."

రేణుక మూతి విప్పి, స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి తెచ్చింది. డాక్టర్ మీట నొక్కాడు. ఉంగరం ఒకసారి అటూ ఇటూ కదిలింది. పచ్చదీపం వెలిగింది. ఆయన గుడ్డు మీద డ్రిల్లు ఆనించి, కావాలనే చేతిని బరువుగా వదిలేశాడు, అలసిన చేయి వదిలేసినట్టు. పెంకు పొడి లేచింది. కిర్రుమన్న చప్పుడు సాగి సాగి టక్కున ఆగింది. ఆయన చేయి ఇంకా నొక్కుతూనే ఉంది. డ్రిల్లు మాత్రం కదల్లేదు.

గుడ్డును కిటికీ వెలుగుకు ఎత్తి చూశాడు. పెంకులో గుండ్రని కన్నం. దాని అడుగున తెల్లటి పొర, తడిగా, చెక్కుచెదరకుండా, లోపలి వెలుగుతో పసిపాప కనురెప్పలా ఉంది.

"సందు మూసి తీసుకురా అమ్మాయ్. శిక్షణశాలకు నేనే మోసుకెళతాను. మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా దూరం ఉంది, తెలుసుగా?"

"అది తెలుసు సార్," అంది రేణుక. ఆ మాట అన్నప్పుడు ఆమె వెన్ను నిటారుగా ఉంది. మధుసూదన్ గోడవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు, చాలాసేపు.

ఆ గుడ్డు ఇప్పుడు బోరబండలో రాజమ్మ ఇంటి షోకేసులో ఉంది. లోపలి సొన తీసేసి, పెంకును గాజుగ్లాసులో బోర్లించి, దానికి మాత్రం బొట్టు పెట్టింది రాజమ్మ. చూడ్డానికి వచ్చినవాళ్ళకు కథంతా చెబుతుంది. అందులో డాక్టర్ గజగజ వణుకుతాడు. హైటెక్ సిటీలో లిఫ్టులన్నీ ఆగిపోతాయి. డ్రిల్లు ఆగిన క్షణాన గుడ్డులోంచి కోడిపిల్ల తొంగిచూసి, "సల్లగుండు తల్లీ" అని మళ్ళీ లోపలికి పోతుంది.

"నిజమేనా రేణుకా?" అని అడుగుతారు వాళ్ళు.

రేణుక తొడుగు బొమ్మ గీస్తూనే తలెత్తుతుంది.

"కోడిపిల్ల అబద్ధం," అంటుంది. "ఆగింది మాత్రం నిజం."

ఈసారి తెల్వది అనదు.