వాగు రేవులో తెల్ల పేలిక

దయ్యాల మాట ఎత్తితేనే నాకు చిరాకు. చనిపోయినవారు ప్రభువు పిలిచేవరకు నిద్రలో ఉంటారని సండే స్కూల్లో నేర్చుకున్నాను. ఇప్పుడు అమెరికాలో, బెంటన్‌విల్‌లోని మా తెలుగు సహవాసంలో పిల్లలకు అదే నేర్పుతున్నాను. ఆ నమ్మకం ఈ రోజుకీ మారలేదు. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మా సంఘానికి సొంత మందిరం లేదు. బాప్తిస్మాలకు పక్కనున్న మిస్సోరీ రాష్ట్ర సరిహద్దు దాటి, ఒక ముసలి రైతు పొలంలో ఉన్న వాగుకి వెళ్తాం. ఆయన అమెరికన్, మంచి విశ్వాసి. ఆ రోజు కూడా మా అలవాటు ప్రకారం ఆడవాళ్లందరం తెల్లబట్టలు కట్టుకుని తలమీద ముసుగు వేసుకున్నాం. మా ఏడేళ్ల పాప షారోన్‌కి నా పాత తెల్లచీర చించి నేనే ముసుగు కుట్టాను. అంచులన్నీ మడిచి, మెషిన్‌మీద గట్టి కుట్టు వేశాను.

బాప్తిస్మాలు అయ్యాక షెడ్డులో పలావు వడ్డిస్తుంటే పెద్ద వాన మొదలైంది. అప్పుడు చూస్తే షారోన్ లేదు.

కార్లలో వెతికాం. పేరు పెట్టి అరిచాం. వాగు అంతలోనే పొంగింది. పొద్దున పిల్లలు మడమల లోతులో నడిచి దాటిన రేవు మీదుగా దుంగలు కొట్టుకుపోతున్నాయి. అవతలి గట్టుమీది తాబేలు కావాలని షారోన్ పొద్దుటినుంచీ గొడవ చేస్తోందని గుర్తొచ్చి రేవువైపు పరుగెత్తాను. నా భర్త నీళ్లలోకి దిగబోతే ఇద్దరు పట్టుకుని ఆపారు. నాకు ప్రార్థన రాలేదు. "యేసయ్యా" అన్న ఒక్క మాట తప్ప.

చివరికి ఇవతలి గట్టునే, రేవుకి కాస్త ఎగువన, ఒక పెద్ద బండ చూరు కింద కనిపించింది. ఒంటిమీద తడి లేదు.

"ఇక్కడేం చేస్తున్నావే?" అన్నాడు వాళ్ల నాన్న, ఎత్తుకుని.

"టర్టిల్ కోసం వెళ్తుంటే అంకుల్ స్టాప్ అన్నాడు డాడీ. గన్ ఉంది. కానీ మీన్ కాదు. ఇక్కడ కూర్చో అన్నాడు."

"ఏ అంకుల్?"

"మన చర్చ్ అంకుల్ కాదు. నా స్కార్ఫ్ చూసి, ఓకే, యూ ఆర్ అవర్స్ అన్నాడు. హ్యాట్‌కి వైట్ లేకపోతే వాళ్లవాళ్లే షూట్ చేస్తారంట. ఆయనది పోయింది. హీ వాజ్ సో స్కేర్డ్, మమ్మీ. అందుకే నాది ఇచ్చాను."

ముసుగు తీసి చూశాను. ఒక అంచు పొడవునా, నా కుట్టుతో సహా, పేలిక చింపి ఉంది. పసిదాని చేతులకు చిరిగే కుట్టు కాదది.

వేటకు వచ్చినవాడెవడో అనుకుని మగవాళ్లు చుట్టూ వెతికారు. ఎవరూ లేరు. పొలం గేటుకి మేం వచ్చాక వేసిన తాళం అలాగే ఉంది.

పాప మాటలు ఇంగ్లీషులో చెప్తే రైతు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నూట అరవై ఏళ్ల కిందటి అమెరికా అంతర్యుద్ధంలో ఆ చుట్టుపక్కల రైతులే రాష్ట్ర మిలీషియాలో, అంటే పౌరదళంలో చేరి ఈ రేవుకి కాపలా కాసేవారట, ఇళ్లు తగలబెట్టే గెరిల్లాలు దాటి రాకుండా. గెరిల్లాలు ప్రభుత్వ సైనికుల నీలం కోట్లు దొంగిలించి తొడుక్కుని వచ్చేవారు. అందుకని మిలీషియావాళ్లు గుర్తుకోసం టోపీలకు తెల్ల పేలికలు కట్టుకునేవారు. ఒక కాపలావాడి పేలిక వాగులో జారిపోయింది. కాపలా మారడానికి వచ్చిన సొంత మనుషులే అతన్ని శత్రువనుకుని కాల్చారు.

"అతను మా వంశం వాడే" అన్నాడు ముసలాయన. మా సంఘంలో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదన్నాడు. షారోన్‌తో ఆయన ఆ రోజు మాట్లాడనే లేదు.

ప్రభువు తన దూతను పంపాడని మా పాస్టర్‌గారు సాక్ష్యం చెప్పారు. నేను ఆమెన్ అన్నాను. బిడ్డను కాపాడింది దేవుడే, అందులో నాకు సందేహం లేదు. కానీ దేవదూతకు గుడ్డ పేలిక ఎందుకు? తనవాళ్లే కాలుస్తారన్న భయం ఎందుకు?

ఆ ముసుగుకి మళ్లీ అంచు కుట్టలేదు. షారోన్ రోజూ పడుకునే ముందు మమ్మీ, డాడీ పేర్లు అయ్యాక, ఆ అంకుల్ సేఫ్‌గా ఇంటికి వెళ్లాలని ప్రార్థిస్తుంది. చనిపోయినవారి కోసం ప్రార్థన చేయకూడదని పిల్లలకు నేర్పేదాన్ని నేనే. అయినా తనను ఆపలేదు. ఆమెన్ దగ్గర నా గొంతు కూడా కలుస్తోంది.