నిండు లారీల దిక్కు

భూపాలపల్లి బొగ్గు దారి వెంట నాటిన కానుగ మొక్కలను బతికించడం అరుణ పని. గని నుంచి వస్తుంటే ఎడమ పక్కవి ఆమెవి, కుడి పక్కవి తోటి కూలీ కుబ్రా బీవి. ఎండాకాలం దాటాక ఎవరి మొక్కలు పచ్చగా ఉంటే వాళ్లనే పనిలో ఉంచుతానని సూపర్‌వైజర్ శ్రీశైలం ముందే చెప్పాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నీళ్ల ట్యాంకర్ వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. అరుణ మొక్కలు నల్లటి దుమ్ము కప్పుకొని, ఆకుల అంచులు మాడి వేలాడుతున్నాయి. అటు కుబ్రా బీ మొక్కలేమో కొత్త చిగుళ్లు వేస్తున్నాయి. చూసినప్పుడల్లా అరుణకు కడుపు రగిలేది.

"ట్యాంకర్ నడిపే వాజిద్ నీ చెల్లె కొడుకేనాయె! నా దిక్కు గిన్ని, నీ దిక్కు గన్ని పోస్తున్నడు," అని ఒకరోజు అనేసింది.

"ఏంది పిల్లా గంత కుళ్లు? నా దిక్కు నువ్వు తీస్కో, నీ దిక్కు నాకియ్యి."

మార్చుకున్నారు. ఈసారి పైపు అరుణే పట్టుకుంది. నీళ్లు తన పాత పక్కకు వచ్చినంతే, కుడి పక్క మొక్కలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. నిండు లారీలన్నీ ఎడమ పక్కన పోతాయి, ఖాళీవి కుడి పక్కన తిరిగొస్తాయి. బొగ్గు మీద టార్పాలిన్ కప్పే నాథుడు లేడు. అసలే దాహంతో ఉన్న లేత మొక్కకు ఆ దుమ్ము ఊపిరి కూడా ఆడనివ్వదు.

అయినా అరుణ కుళ్లు తగ్గలేదు. అవతల కుబ్రా బీ తడి గుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తోంది, పైగా కూనిరాగం! మాడిన కొమ్మకు చిగురొచ్చింది. తన చేతిలో రాని చిగురు.

శ్రీశైలం బండి ఆపాడు. "అరుణా, నీ దిక్కు మంచిగున్నయి, పని నీదే. కుబ్రా బీ, నువ్వింక రాకు."

కుబ్రా బీ గుడ్డ పిండి ఇంకో ఆకు తుడవసాగింది. తిట్టినా బాగుండు, ఇక్కడా ఆమే పెద్దమనిషి అయింది! అరుణకు ఒళ్లు మండింది.

"గా చెట్లు మొదాలు నావే సారూ. నిండు లారీలన్నీ గా దిక్కే పోతయి. లారీలకు టార్పాలిన్ కప్పిపియ్య చేతగాక మా కడుపు మీద కొడ్తరా? తీస్తే ఇద్దర్నీ తియ్యుండ్రి!"

"ఏం లొల్లి నీది! వానలు పడేదాక ఇద్దరూ ఉండుండ్రి," అని విసుక్కుంటూ శ్రీశైలం వెళ్లిపోయాడు.

అరుణ కొంగు తడుపుకొని దారి దాటింది. "జరుగు బీ అక్కా, నీకంటే మంచిగ తుడుస్త."

చెరో కొమ్మ తుడిచారో లేదో, నిండు లారీ ఒకటి దూసుకుపోయింది. ఇద్దరు తుడిచిన ఆకులూ మళ్లీ నల్లబడ్డాయి. ఎవరివి తక్కువ నల్లబడ్డాయో అని అరుణ ఓరగా చూసుకుంది.