సున్నా రావలసిన చోట

దయ్యం సంగతి ఎవరు చెప్పినా నేను అడిగేది ఒకటే: కొలిచారా? ఇరవై ఏళ్లుగా కాటాలు బాగుచేస్తున్నాను. రావులపాలెం అరటి మార్కెట్టులో ఖాళీ కాటా ముల్లు సున్నా మీద నిలవకపోతే కారణం వెతికి పట్టుకుంటాను. దుమ్ము, తుప్పు, వంగిన స్ప్రింగు. కారణం లేని తప్పు నాకు ఎదురు కాలేదు, ఈ ఒక్కటి తప్ప.

2003లో కొత్తపేటలో మా ముందుగదిలోకి ఒక పాత కంప్యూటరు కొన్నాను. స్కూలు డాన్సులకు బీట్లు తయారుచేయడం నా సరదా. ఎవరూ నేర్పలేదు. గోడలకు బొంతలు కట్టి గది మోత తగ్గించడం, డోలు పడేచోట మిగతా వాయిద్యాల గొంతు తగ్గించడం, ఒక్కో దెబ్బనూ కోసి కొలత ప్రకారం అతికించడం, అన్నీ చేసి చూసి నేర్చుకున్నవే.

మా వీధి చివర వెంకన్న డోలు వాయించేవాడు. అతని తమ్ముడు సత్తిబాబు అమ్మవారి జాతరలో గరగ, అంటే అమ్మవారి కలశం, నెత్తిన పెట్టుకుని ఆడేవాడు. అన్న డోలు మోగితేనే తమ్ముడి కాలు కదిలేది.

ఒక మధ్యాహ్నం వెంకన్నను మైకు ముందు కూర్చోబెట్టి ఎనిమిది రకాల దెబ్బలు విడివిడిగా రికార్డు చేశాను.

"మాస్టారూ, ఒక్కసారి వరస మొత్తం వాయించేత్తానండీ. ఇది చేప ఇత్తానంటే పొలుసులు చాలన్నట్టుందండి," అన్నాడు.

"డిస్కులో చోటు లేదు వెంకన్నా. ఎనిమిది చాలు. మిగతాది లెక్క ప్రకారం నేను పేర్చుకుంటాను."

"ఆయ్. మరి నా ఆగుడు దెబ్బ మీ లెక్కలో ఎక్కడ పెడతారో చూత్తానండి," అని నవ్వి డోలు భుజానికి ఎత్తుకున్నాడు.

పదహారు దెబ్బలయ్యాక అతను ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి పదిహేడోది వేసేవాడు. దాన్నే ఆగుడు దెబ్బ అనేవాడు. దాని మీదే సత్తిబాబు గరగతో గిర్రున తిరిగేవాడు.

నాలుగు నెలల తరువాత వెంకన్న జ్వరంతో పోయాడు. జాతర ఇంకా మూడు వారాలుందనగా సత్తిబాబు మా ఇంటికి వచ్చాడు.

"ఇంకో డోలుకి కాలు లేవట్లేదండీ మాస్టారు. మా తాత ఎత్తిన గరగండి. ఈ యేడు నేను ఎత్తకపోతే వేరే ఇంటికి ఇచ్చేత్తామన్నారండి పెద్దలు. అన్నయ్య దెబ్బలు మీ కాడున్నాయంట కదండీ."

వారం రోజులు కూర్చుని పేర్చాను. సత్తిబాబు నెత్తిన ఇత్తడి బిందె పెట్టుకుని మా వాకిట్లో రెండు చుట్లు తిరిగి ఆగిపోయాడు. పదిహేడో దెబ్బను కొద్దికొద్దిగా వెనక్కి జరిపి ఎన్నోసార్లు వినిపించాను. ప్రతిసారీ తల అడ్డంగా ఊపాడు.

"ఇది ఆలీసంగా వచ్చిందండి. అన్నయ్యది ఆగి వచ్చేదండి."

మర్నాడు ఉదయం, నకళ్లు తీయడంలో శబ్దం ఏమైనా చెడుతోందా అని ఒక పరీక్ష చేశాను. ట్రాకుకు నకలు తీసి, ఆ నకలును తలకిందులు చేసి, రెండూ కలిపి మోగించాలి. ఒక శబ్దపు అల గట్టు రెండో అల గుంటలో పడి చెల్లిపోతుంది. ఏమీ వినిపించకూడదు. ఖాళీ కాటా సున్నా చూపించాలి కదా, అలాగే.

పదహారు దెబ్బల మేర నిశ్శబ్దం. తరువాత ఒక దెబ్బ.

మళ్లీ పదహారు దెబ్బల నిశ్శబ్దం. మళ్లీ ఒకటి.

మైకు తీగ పీకేశాను. కంప్యూటరు ఆపి, కొత్త నకలు తీసి మళ్లీ చేశాను. అదే. నా దగ్గరున్న ఎనిమిది దెబ్బలతో ఒక్కొక్కటిగా పోల్చాను. వాటిలో ఏదీ కాదు. స్కేలు పెట్టి తెర మీద దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం కొలిచాను. ఒకసారి కాస్త ఎక్కువ, ఒకసారి కాస్త తక్కువ. యంత్రం చేసిన తప్పయితే ఎడం ఒకేలా ఉండాలి. మనిషి ఊపిరి మాత్రమే అలా మారుతుంది.

నా పదిహేడో దెబ్బ తీసేసి, పరీక్షలో మిగిలిన దెబ్బను ఆ చోట కలిపి క్యాసెట్టుకు ఎక్కించాను. సత్తిబాబుకు ఏమీ చెప్పకుండా వినిపించాను. పదహారు అడుగులు వేశాడు. ఆగాడు. దెబ్బ పడింది. గిర్రున తిరిగాడు. నెత్తిన బిందె ఒరగలేదు.

బిందె దించి కళ్లు తుడుచుకున్నాడు. "అన్నయ్య చేత వరసంతా వాయింపించి దాచేరన్న మాట. మరి నాకు చెప్పలేదేంటండీ?"

నేను "ఆయ్" అన్నాను. ఆ యేడు గరగ అతనే ఎత్తాడు. ఇప్పటికీ అతనే ఎత్తుతున్నాడు.

జాతర అయ్యాక అదే ట్రాకుతో అదే పరీక్ష చేశాను. సున్నా వచ్చింది. ఎన్నిసార్లు చేసినా సున్నాయే. క్యాసెట్టులో మాత్రం ఆ దెబ్బ ఉంది.

వెంకన్న వచ్చిన నాటి రికార్డు కూడా మొదటి నుంచి చివరి వరకు విన్నాను. ఎనిమిది దెబ్బలు. తరువాత "ఎనిమిది చాలు" అంటున్న నా గొంతు. అతని నవ్వు. అక్కడితో ఆగిపోతుంది.

తొమ్మిదో రకం దెబ్బకు చోటు లేదన్నది నేనే. అది ఎలా వచ్చిందో నాకు తెలియదు. కొలిచానా అంటే, కొలిచాను.