తలూపే వడ్రంగి

మా ఎదురింటి వడ్రంగికి పుట్టుచెవుడు. మాటా రాదు. వీధిలో అందరం వాణ్ణి ఊఁబాబు అనేవాళ్లం, ఎవరేమడిగినా తలూపేస్తాడు కనక. ఊపకపోతే జనం చెవి దగ్గరకొచ్చి అరుస్తారు, ఆ తుంపర్లు వాడికి గిట్టవు. నేనేం తక్కువదాన్నా? "ఏరా, పెళ్లి చేసుకుంటావా?" అంటే ఊపేవాడు. "నీ మొహం కోతిలా ఉంటుందా?" అన్నా అంతే శ్రద్ధగా ఊపేవాడు. కడుపుబ్బ నవ్వేవాళ్లం.

వాళ్లమ్మకి మాత్రం ఒళ్లు మండేది. "నవ్వు పెద్దమ్మా, నవ్వు! రేపెవడైనా వీడిచేత ఏదో ఒకటి ఒప్పించేస్తే?"

"ఏం ఒప్పిస్తారే, ఆ రంపం రాయించుకుంటారా?" అనేదాన్ని.

వాడు నిజంగా మాట్లాడేది ఆవిడ చేతులతోనే. ఆ సైగలు తల్లీకొడుకులు ఇంట్లో కల్పించుకున్నవి, ఇంకో మనిషికి తెలియవు.

జబ్బొచ్చి ఊరంతా తలుపులు మూసుకున్నా వాడికి పనుండేది. ఆసుపత్రికి శవపెట్టెలు చేసేవాడు. ఒకరోజు పొద్దున్నే పొడవాటి చెక్క భుజాన వేసుకుని పోతుంటే వెనకనుంచి పోలీసాయన ఆగమని అరిచాడు. ఎవడికి వినపడాలి? వచ్చి చొక్కా పట్టి లాగాడు. ఎవరా అని వీడు గిరుక్కున తిరిగాడు. వీడితోపాటు చెక్కా తిరిగింది. ఆయన తల పగిలింది. కిటికీలోంచి అంతా చూసినదాన్ని, పరుగున వెళ్లి చెప్పాను. "ముసలమ్మా, మాస్కు పెట్టుకుని ఇంట్లో కూర్చో" అన్నారు. పోలీసు మీద దాడి అని వాణ్ణి జైల్లో పెట్టారు.

జైల్లోనూ జబ్బు పాకుతోందని చూడ్డానికి ఎవరినీ రానివ్వలేదు. ఫోను చేసుకోమన్నారు. చెవిటివాడికి ఫోను! అయినా ఆవిడ చేసేది. అవతల ఊపిరి వినిపిస్తే చాలని చెవికి అదుముకునేది. ఒకసారి ఆ ఊపిరి మధ్యలో దగ్గు వినిపించింది. ఇక ఆవిడకి ముద్ద దిగలేదు.

కోర్టు కూడా ఫోన్లోకే వచ్చింది. "జైళ్లు ఖాళీ చేస్తున్నారమ్మా. తప్పు చేయలేదని తల అడ్డంగా ఊపితే చాలు, బెయిలు మీద ఇంటికొచ్చేస్తాడు" అన్నాడు లాయరు. మా కోడలి ఫోన్లో మేమిద్దరం తలకాయలు ఆనించుకుని చూశాం. మా మాటా మా బొమ్మా అటు వెళ్లవట. అగ్గిపెట్టంత గడిలో వాడు, గడ్డం పెరిగిపోయి, ఒళ్లో బట్టల సంచీతో కూర్చుని ఉన్నాడు.

జడ్జిగారు ఏదో చదివి, నేరం ఒప్పుకుంటున్నావా అనడిగారు. వీడు చెవిటివాడని చెప్పాల్సిన లాయరు బొమ్మ అప్పటికే నోరు తెరిచింది తెరిచినట్టే బిగుసుకుపోయింది. జవాబు రాకపోయేసరికి పక్కనున్న జైలు మనిషి మాస్కు కిందికి లాగి, వంగి, వాడి చెవిలో అరిచాడు.

"వద్దు నాన్నా, వద్దు!" ఆవిడ చేతులు ఫోను ముందు గాలిని కోస్తున్నాయి.

వాడు తలూపాడు. గట్టిగా, ఇంకోసారి అరవకుండా.

రెండేళ్లన్నారు. ఇంటికనుకున్నాడు కాబోలు, వాడు నవ్వుతూ లేచి సంచీ చంకన పెట్టుకున్నాడు. జైలు మనిషి భుజం పట్టి లోపలివైపుకి తిప్పాడు. తెర నల్లబడింది.

ఆవిడ చేతులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

"పదవే, కాస్త ఎంగిలి పడుదువుగాని" అన్నాను.

తలూపింది. లేవలేదు.