పికప్ లేని వేగం

మునిరత్నాన్ని దాటి పరిగెత్తిన మనిషిని పుంగనూరులో ఎవరూ చూడలేదు. హైస్కూల్లో ఉండగా రెండొందల మీటర్లు, నాలుగొందల మీటర్లు, ఏ పందెం పెట్టినా మొదటి బహుమతి అతనిదే. వాళ్ల నాన్న వేరుశనగ చేలల్లో కూలికి పోయేవాడు. కూలివాడి కొడుకు చేతికి జిల్లా కప్పు వచ్చిందని ఊళ్లో కొంతకాలం చెప్పుకున్నారు. పదో తరగతి తప్పాక ఆ మాట కూడా ఆగిపోయింది. లారీ పని నేర్చుకోమని వాళ్ల నాన్న అతన్ని కుప్పంలో ఒక గ్రానైట్ షెడ్డుకు పంపించాడు.

కుప్పంలో సాయంత్రాలు ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. కోలారు గనులు దగ్గరే కాబట్టి ఆ వైపు నుంచి జట్లు రైలెక్కి వచ్చి ఆడి పోయేవి. మునిరత్నం ఒకరోజు కదిలిపోతున్న లారీని అందుకోవడానికి మైదానం పక్కనుంచి పరిగెత్తుతుంటే గోవిందస్వామి చూశాడు. ఆయన అక్కడి హైస్కూల్లో డ్రిల్ మాస్టారు, ఊరి జట్టుకు కోచ్. మర్నాడు షెడ్డుకు మనిషిని పంపి మునిరత్నాన్ని పిలిపించాడు. అంత వేగం ఉన్నవాడు గోలు ముందర ఉండాలని చెప్పి ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు.

రెండేళ్లు ఆడాడు. ఆ రెండేళ్లలో అతనికి బాగా దగ్గరైనవాడు అజయ్. గోవిందస్వామికి అక్క కొడుకు. పొట్టిగా ఉంటాడు. సగం మైదానం పరిగెత్తితే రొప్పుతాడు. ఇద్దరూ ఒకే ప్లేటులో ఇడ్లీ తిన్న రోజులున్నాయి.

తొంభై నాలుగులో ఆ ఊళ్లోనే జరిగిన టోర్నమెంటు ఫైనల్‌కు ముందు, మైదానంలో అందరి మధ్యా గోవిందస్వామి పేర్లు చదివాడు. ఫార్వర్డ్ దగ్గర అజయ్ పేరు వినబడింది. మునిరత్నం తన పేరు తర్వాత వస్తుందేమోనని చివరి దాకా నిలబడ్డాడు. రాలేదు. దగ్గరికి పోయి అడిగితే ఆయన తల తిప్పుకుని, “బాలు నీ కాళ్ల దెగ్గిర పడినా నీకు అందదు గదప్పా,” అన్నాడు.

జిల్లాలో తనంత వేగం ఎవరికీ లేదు. అలాంటివాడికి బంతి అందదట. అక్క కొడుకును ఆడించుకోవడానికి ఏదో ఒక వంక కావాలి కాబట్టి అన్నాడని మునిరత్నం అనుకున్నాడు. కూలివాడి కొడుకుకు ఎదురు మాట్లాడే ధైర్యం ఉండదన్న ధీమా కూడా అందులో కనిపించింది. ఆట మొదలయ్యేలోపే మైదానం వదిలి బస్టాండుకు నడిచాడు. ఆ తర్వాత బంతి ముట్టలేదు. అజయ్ పెళ్లి పత్రిక ఇవ్వడానికి పుంగనూరుకు వస్తే ఇంట్లో ఉండి కూడా లేడనిపించాడు. గోవిందస్వామి భార్య చనిపోయినప్పుడు లారీతో ఆ వీధిలోంచే పోతూ, ఇంటి ముందు షామియానా చూసి కూడా ఆపలేదు.

కాలం గడిచింది. పెళ్లయింది. భార్య రాణి కుట్టుమిషను పెట్టుకుంది. మునిరత్నం పుంగనూరు చుట్టుపక్కల పల్లెల టమోటా మదనపల్లె మార్కెట్‌కు తోలే లారీ డ్రైవరయ్యాడు. టీవీలో ఎక్కడైనా ఫుట్‌బాల్ వస్తుంటే లేచి బయటికి పోయేవాడు. ఎందుకో రాణికి కూడా చెప్పలేదు.

రెండు వేల అయిదులో, వానాకాలం. మార్కెట్‌లో సరుకు దించి, ఖాళీ క్రేట్లు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. రాణి తన చెల్లెలికిమ్మని రాగిపిండి మూట ఇచ్చి పంపింది. ఆ చెల్లెలు స్వర్ణలత మదనపల్లెలో కంప్యూటర్ కోర్సు చదివి, బస్టాండు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని వీడియో గేమ్ షాపు నడుపుతోంది. మూడు టీవీలు, మూడు ప్లేస్టేషన్లు. కాలేజీ పిల్లలు గంటల లెక్కన ఆడి పోతుంటారు. ఆరోజు వానకు ఎవరూ రాలేదు. వాన తగ్గేదాకా కూర్చోమని చెప్పి స్వర్ణలత అతని చేతికి రిమోటులాంటిది ఒకటిచ్చింది. ఏ బటను నొక్కితే ఏమవుతుందో చూపించింది. తెర మీద పచ్చటి మైదానం కనిపించగానే అది ఏ ఆటో అతనికి అర్థమైంది. వద్దని లేవబోయాడు. అతను ఫుట్‌బాల్ ఆడేవాడని ఆమెకు తెలియదు. ఒక్క ఆట ఆడిపొమ్మని బలవంతం చేసింది. మరదలి మాట తీసెయ్యలేక కూర్చున్నాడు.

జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తేవాడెవడని అడిగాడు. ఆమె చూపించింది. వేగం దగ్గర తొంభై అయిదు అని ఉంది. వాణ్ణి గోలు ముందర పెట్టించుకున్నాడు. స్వర్ణలత వాడికి ఎదురుగా పెట్టుకున్నవాడి వేగం ఎనభై రెండు. ఆమెకు ఆట తెలియదేమోనని జాలిపడ్డాడు కూడా.

ఆట మొదలైంది. బంతి ఇద్దరి మధ్యలో పడింది. మునిరత్నం బటను అదిమి పట్టుకున్నాడు. ఎనభై రెండువాడే ముందు అందుకున్నాడు. మళ్లీ పడింది. మళ్లీ అంతే. బంతి మునిరత్నం మనిషికి దగ్గరగా పడినా సరే, అవతలివాడు చటుక్కున వచ్చి కాలు పెట్టేస్తున్నాడు. రిమోటు చెడిపోయిందన్నాడు. ఆమె తనదిచ్చి అతనిది తీసుకుంది. అయినా తేడా లేదు. ఆట ఆపి, ఇందులో ఏదో మోసం ఉందన్నాడు.

స్వర్ణలత నవ్వి, ఇద్దరి వివరాలూ తెర మీదికి తెచ్చింది. వేగానికి ఒక గీత ఉంది. దాని కిందే ఇంకొక గీత ఉంది. అందులో మునిరత్నం మనిషికి అరవై ఒకటి, ఆమె మనిషికి తొంభై మూడు.

“ఇదేంది?” అన్నాడు.

“యాక్సిలరేషన్ బావా. పైన ఉండేది మనిషి ఎంత స్పీడు పోగలడు అని. కింద ఉండేది ఆ స్పీడును ఎంత బిన్నా, తొందరగా అందుకుంటాడు అని. నీ వోడు నిలబడిన సోటు నుంచి కదిలి ఊపందుకునే లోపల నా వోడు బాలు తీసుకోని పోతాడు. ఈడకు వచ్చే పిల్లోళ్లంతా పైగీత సూసి మనిషిని ఎంచుకుంటారు. నీ మాదిరే ఓడిపోతారు.”

మునిరత్నం ఆ రెండు గీతల వైపే చూస్తూ ఉండిపోయాడు. లోడు లారీ బయల్దేరేటప్పుడు పక్కనున్న ఆటో దాన్ని దాటేసి పోతుంది. నాలుగు మైళ్లు పోయాక లారీ ఆ ఆటోను దాటుతుంది. పికప్ వేరు, స్పీడు వేరు. రోజూ తోలే బండిలో తెలిసిన సంగతి. అది మనిషి కాళ్లలో కూడా ఉంటుందని ఏనాడూ తోచలేదు. మాస్టారి మాట చెవిలో పడినట్టయింది. బాలు నీ కాళ్ల దగ్గర పడినా నీకు అందదు. అప్పటి ఆటలు ఒక్కొక్కటే కళ్ల ముందుకు వచ్చాయి. గోలు ముందర పది అడుగుల జాగాలో బంతి పడటం, తను కదలడం, ఎవడిదో కాలు ముందు రావడం. దురదృష్టం అనుకున్నవన్నీ అవే.

“అంటే వాడు ఎంత ఉరికేవోడైనా అందుకోలేడా?” అని మళ్లీ అడిగాడు.

స్వర్ణలత అతని ముఖం చూసి భయపడింది. మంచినీళ్లిచ్చింది. ఓడిపోయినందుకు బాధపడుతున్నాడనుకుని ఆమె తెర మీది అతని మనిషిని గోలు ముందర నుంచి తీసి మైదానం అంచుకు, కుడిగీత పక్కకు మార్చింది. వెనకనుంచి బంతిని దూరంగా, ఖాళీ జాగాలోకి కొట్టించింది. ఈసారి వాడికి ఊపందుకోవడానికి చోటు దొరికింది. మొదట వెనకబడ్డాడు. సగం దూరం పోయేసరికి ఆమె మనిషిని దాటాడు. ఇక వాణ్ణి ఎవరూ ముట్టుకోలేకపోయారు.

“వీడు పనికిరానోడు కాదు బావా. వీణ్ణి పెట్టాల్సిన సోటు అది కాదు, అంతే,” అంది.

ఆ మాటకు మునిరత్నం లేచి వానలోకే నడిచాడు. ఆరోజు క్రేట్లు ఎక్కించుకుని పుంగనూరుకు ఎలా వచ్చాడో అతనికే గుర్తు లేదు. భోంచేయకుండా కూర్చుంటే రాణి ఎవరికేమయిందోనని కంగారుపడింది. అప్పుడు మొదటిసారి ఆమెకు కుప్పం సంగతంతా చెప్పాడు. మాస్టారు నిజమే చెప్పాడని, తనే ఆయన మీద నింద వేసి ఇన్నేళ్లూ బతికానని, ఆయన ఇంట్లో చావు జరిగినా దిగలేదని చెప్పి తల పట్టుకున్నాడు. పోయి ఒక మాట చెప్పి రమ్మంది రాణి.

తర్వాతి ఆదివారం పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి సాయంత్రమైంది. గోవిందస్వామి రిటైరయ్యాడని, అయినా మైదానంలోనే ఉంటాడని ఎవరో చెప్పారు. నిజంగానే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే అజయ్. పొట్ట వచ్చింది. స్టేషను దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడట. మునిరత్నాన్ని చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు.

మునిరత్నం కూర్చోకుండానే చెప్పుకొచ్చాడు. గేమ్ షాపులో చూసిన రెండు గీతలు, తొంభై అయిదు, అరవై ఒకటి. మీరు కనిపెట్టింది నిజమని, మీకు తెలిసినది నాకు తెలియలేదని, అక్క కొడుకు కోసం చేశారనుకున్నానని, క్షమించమని అన్నాడు. గోవిందస్వామి వింటూ ముఖం చిట్లించాడు. వేగంలో మళ్లీ రెండు రకాలేంటి, టీవీ ఆటలు నమ్మి ఇంత దూరం వచ్చావా అన్నాడు.

“ఐతే ఉరికి సూద్దాం రా అజయా,” అన్నాడు మునిరత్నం.

అజయ్ చెప్పులు విప్పాడు. ఇద్దరూ గోలు గీత మీద నిలబడ్డారు. పెనాల్టీ బాక్సు గీత దగ్గర ఎవరు ముందో, మైదానం సగం గీత దగ్గర ఎవరు ముందో మాస్టారు చూడాలి. ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ పొట్టతోనే అజయ్ బాణంలా కదిలాడు. బాక్సు గీత దగ్గర మునిరత్నం రెండడుగులు వెనక ఉన్నాడు. సగం గీత దగ్గరికి వచ్చేసరికి అజయ్ చాలా వెనకబడ్డాడు. ఇంకోసారి పరిగెత్తమన్నాడు మాస్టారు. మళ్లీ అలాగే జరిగింది.

ఇద్దరూ రొప్పుతూ వచ్చి చూస్తే గోవిందస్వామి బల్ల మీద కూలబడి ఉన్నాడు. నీరసపడ్డాడేమోనని అజయ్ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన విడిపించుకున్నాడు.

“నాకిదేమీ తెలీదప్పా,” అన్నాడు మునిరత్నంతో. “ఇంతవరకు తెలీదు. ఆ పొద్దు నీకు బాలు అందదని అన్నానే, ఏదో ఒకటి సెప్పల్ల గదా అని నోటికొచ్చింది అన్నా. అజయ్‌ను ఆడించమని మా అక్క వచ్చి అడిగింది. వీడికి రైల్వేలో ఆటగాళ్ల కోటా కింద ఉద్యోగం వస్తాదని ఆమె ఆశ. అందుకే నిన్ను తీసేసినా. నువ్వు అనుకున్నిందే నిజం.”

మునిరత్నం ఏ తప్పుకు క్షమించమని ఇంత దూరం వచ్చాడో ఆ తప్పే తనది కాదు. ఇన్నేళ్లు మోసిన కోపం మదనపల్లెలో దిగిపోయింది. దాన్ని ఇప్పుడు మళ్లీ ఎత్తుకొమ్మన్నట్టు ఉంది. ఎత్తుకుందామంటే చేతులు రాలేదు.

అతనికంటే ఎక్కువ దెబ్బ తిన్నవాడు అజయ్. “నిజమా మామా?” అన్నాడు. ఆ ఫైనల్‌లో అతను రెండు గోల్స్ కొట్టాడు. ఉద్యోగం రాకపోయినా, ఆ ఒక్కరోజు తన ఆట చూసి తనను ఎంచుకున్నారని చెప్పుకుంటూ బతికాడు. భార్యకు చెప్పాడు, దుకాణానికి వచ్చే వాళ్లకు చెప్పాడు. ఇప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని మైదానం వైపు చూస్తూ నిలబడ్డాడు.

చివరికి మునిరత్నమే అజయ్ భుజం మీద చెయ్యి వేశాడు.

“మీ మామ నిన్ను ఆటలోకి యాల దించినాడో అది ఆయన సంగతి. నేను సూసింది సెప్తా. బాక్సు గీత కాడ నువ్వే ముందర. రెండు తూర్లు నువ్వే. అది ఎవురూ నీకు ఇచ్చింది కాదు.”

అజయ్ చెప్పులు కింద వేసి తొడుక్కున్నాడు.

గోవిందస్వామి తన భార్య పోయినప్పుడు మునిరత్నం వస్తాడని ఎదురుచూశానని చెప్పాడు. రాకపోవడానికి కారణం తనకు తెలుసని కూడా అన్నాడు. ఆ మాట వినడం అన్నిటికంటే కష్టమైంది మునిరత్నానికి. చివరి బస్సు తప్పిపోయింది. ఆ రాత్రి అజయ్ ఇంట్లోనే పడుకున్నాడు. అజయ్ భార్య వడ్డిస్తూ, పెళ్లికి రాని మనిషి ఈయనేనా అని అడిగింది.

నెల తర్వాత కుప్పం పాత ఆటగాళ్లంతా కలిసి వి.కోట జట్టుతో ఒక ఆట పెట్టుకున్నారు. గోవిందస్వామి మునిరత్నాన్ని గోలు ముందర కాకుండా కుడిగీత పక్కన నిలబెట్టాడు. బంతిని అతని కాళ్ల దగ్గరికి కాదు, ముందు ఖాళీ జాగాలోకి కొట్టమని అందరికీ చెప్పాడు. మొదటి బంతికి మునిరత్నం నిలబడిపోయాడు. అది తనకోసమని అర్థం కాలేదు. రెండోదానికి కదిలాడు. మొదటి అడుగులు ఎప్పటిలాగే బరువుగా పడ్డాయి. వి.కోటవాడు ముందున్నాడు. తర్వాత గాలి చెవుల్లో మొదలైంది. పక్కనున్న మనిషి వెనక్కి జారిపోయాడు. మైదానం చివర తను, బంతి తప్ప ఎవరూ లేరు. ముప్పై దగ్గరపడ్డ మనిషి అక్కడ ఏం చెయ్యాలో తెలియక ఒక్క క్షణం ఆగిపోయాడు. తేరుకుని లోపలికి కొట్టాడు. అజయ్ అందుకుని గోలు పైనుంచి అవతలి ముళ్లకంపలోకి తన్నాడు. అందరూ నవ్వారు.

ఆ ఆట వాళ్లు ఓడిపోయారు. మునిరత్నం సగం ఆటకే కూలబడ్డాడు. మర్నాడు కాళ్లు పట్టేసి క్లచ్ తొక్కలేక లారీ యజమానికి ఫోన్ చేసి రెండు రోజులు సెలవడిగాడు. ఏమైందంటే ఫుట్‌బాల్ ఆడానన్నాడు. తర్వాతి ఆదివారం అతను మళ్లీ ఆటకు పోతుంటే రాణి కూడా చూస్తానని బయల్దేరింది.