పేర్లు చూసి పంచిన పేపర్లు

ధూల్‌పేటలో బొమ్మలు చేసే వైకుంఠం కూతురు సక్కుబాయికి చదువంటే ఉర్దూ చదువే. ఇంటి పక్కనున్నది ఉర్దూ బడి. దాన్ని దాటించి రెండు బజార్ల అవతల తెలుగు బడికి పంపడానికి వైకుంఠానికేం పట్టింది? అలిఫ్, బే అక్షరాలతో మొదలుపెట్టిన పిల్ల అదే భాషలో బి.ఏ. చరిత్ర దాకా వచ్చింది. తెలుగు మాట్లాడటమే కానీ అక్షరం రాదు. పాతబస్తీలో ఇదేం వింత? కాలేజీలో ఆమె పక్కన కూర్చునే సాజిదాది తిరగేసిన కథ. చాంద్రాయణగుట్ట దర్జీ ఖయ్యూం బిడ్డ, చిన్నప్పటి నుంచీ తెలుగు బడే.

వింతంతా చరిత్ర చెప్పే ప్రకాశం సారుకే. హాజరు పిలిచినప్పుడల్లా, "పేరేమో సక్కుబాయి, పుస్తకమేమో ఉర్దూ! మీ నాయనకు తెలుగు బడే దొరకలేదా?" అని క్లాసును నవ్వించేవాడు. ఊరుకునే రకమా సక్కుబాయి?

"దగ్గర్ల దొరికింది గదే సార్. ఏ భాషల చదివినా గోల్కొండ ఆడనే ఉంటది గదా," అనేది.

ఈసారి క్లాసు ఆయన్ని చూసి నవ్వేది. ఆ నవ్వు ఆయన మనసులో పెట్టుకున్నాడు.

డెబ్బై నాలుగు వేసవిలో పరీక్షలు వచ్చాయి. "ఈసారి తప్పితే చదువు బంద్," అని వైకుంఠం ముందే తేల్చేశాడు. ఒకసారి మాటన్నాడంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారడు.

చరిత్ర పరీక్ష రోజున ఆఫీసువాళ్ళ తెలివి చూడండి! ఎవరు ఏ భాషలో చదివారో అడిగిన పాపాన పోలేదు. పేర్లు చూసి పేపర్లు సర్దేశారు. సక్కుబాయి ముందు తెలుగు పేపరు పడింది, పక్క బల్ల మీద సాజిదాకు ఉర్దూ పేపరు పడింది. పంచింది ప్రకాశం సారే.

"సార్, తారుమారైనయ్. నాది ఆమెకొచ్చింది, ఆమెది నాకొచ్చింది," అంది సక్కుబాయి.

"లిస్టులో ఎట్లుంటే అట్లనే. చేతులు మారినయో, కాపీ కింద పట్టి బయటికి పంపిస్త."

చెయ్యి చాస్తే అందే పేపరు! సాజిదా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇప్పుడెట్లనే సక్కూ? నాకు ఉర్దూల ఒక్క ముక్క రాదు."

సక్కుబాయికి ఒళ్ళు మండింది. భయమూ వేసింది, అబద్ధమెందుకు? బయటికి పంపితే చదువు అక్కడితో సరి. నోరు మూసుకుని కూర్చున్నా తప్పడం ఖాయం. మునిగినవాడికి చలేమిటి?

లేచింది. హాలంతా చూస్తుండగా తన పేపరు సాజిదా బల్ల మీద పెట్టి, ఆమె పేపరు తీసుకుంది.

"దొంగతనంగ కాదు సార్, మీ ముంగటనే మార్చిన. ఏం రాసుకుంటరో రాసుకోండ్రి," అని కూర్చుని పెన్ను మూత తీసింది.

ప్రకాశం సారు మండిపడుతూ వెళ్ళి ప్రిన్సిపాల్ నాగమణమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె ఇద్దరి పేపర్లూ చూసింది. ఒకరి రాత కుడి నుంచి ఎడమకు, ఇంకొకరిది ఎడమ నుంచి కుడికి, రెండూ చకచకా సాగుతున్నాయి. సంగతి అర్థమైంది. కానీ సారు పరువు కూడా నిలబెట్టాలి కదా!

"సరేనమ్మా, అయిందేదో అయింది. సారు మాట కాదన్నందుకు తప్పైందని ఒక కాగితం రాసిచ్చెయ్. తర్వాత ఇద్దరూ పరీక్ష రాసుకోండి," అంటూ సక్కుబాయి ముందు తెల్లకాగితం పెట్టింది.

"రాసియ్యవే, ఏం పోతది," సాజిదా గుసగుసలాడింది.

సక్కుబాయి రాత ఆపలేదు. తలెత్తలేదు కూడా.

"తప్పు చేసినోళ్ళతోని రాయించుకోండి మేడమ్. నాకు ఇంకా మస్తు ప్రశ్నలున్నయ్."

నాగమణమ్మ ఆ తెల్లకాగితం తీసి ప్రకాశం సారు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.