అక్క పాదాలకు పసుపు

నా చిన్నప్పుడు, అంటే 2020ల్లో, మేము కెనడాలోని రెజైనాలో ఉండేవాళ్లం. ఏ కాఫీ షాపుకు వెళ్లినా కౌంటర్ వెనక తెలుగు మాట వినిపించే రోజులవి. అంతమంది స్టూడెంట్లు వచ్చారు. బేస్‌మెంట్ ఉన్నవాళ్లంతా అద్దెకిచ్చారు, మేమూ ఇచ్చాం. మా కింద ముగ్గురమ్మాయిలు ఉండేవారు. వాళ్లలో నిజామాబాద్ నుంచి వచ్చిన అమ్మాయిని నేను కింది అక్క అనేదాన్ని. కాలేజీ నుంచి రాగానే పైకి వచ్చి నాకు రెండు జడలు వేసేది. ఇప్పుడు నా మనవరాలికి ఉన్న వయసే అప్పుడు నాది.

అక్క మోచేతి మీద పాలిపోయిన మచ్చ ఒకటి ఉండేది. అక్కడ గిల్లినా తెలియదని నవ్వుతూ చూపించేది, నేను గిల్లేదాన్ని. కొన్నాళ్లకు చిటికెన వేలు వంకర తిరగడం మొదలైంది. జడ పాయలు చేతిలో నిలిచేవి కావు. చాలాకాలం డాక్టర్ల చుట్టూ తిరిగాక చివరికి అది కుష్ఠు అన్నారు, మాత్రలు మొదలుపెట్టారు. ఒక నర్సు మా ఇంటికి వచ్చి, మందు వేసుకుంటోంది కాబట్టి ఇక ఎవరికీ అంటదని నిదానంగా చెప్పింది. మమ్మల్నీ పరీక్ష చేశారు. ఎవరికీ ఏమీ లేదు.

అయినా ఆ వారంలోనే మిగతా ఇద్దరమ్మాయిలు ఖాళీ చేశారు. ఊరుకోకుండా తెలుగువాళ్లందరికీ చెప్పి మరీ వెళ్లారు. అక్క పనిచేసే రెస్టారెంట్‌లో ఆమెకు షిఫ్టులు ఇవ్వడం మానేశారు. ఆమె ఎక్కడో వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసే పనికి కుదిరింది. మా అమ్మ చెడ్డ మనిషి కాదు, భయస్తురాలు. లోపలి మెట్ల తలుపుకు గడియ పెట్టింది. నెలాఖరుకు ఖాళీ చేయమని నాన్నతో చెప్పించింది. అక్క గది అడిగిన చోటల్లా లేదన్నారు. చదువు మధ్యలో వదిలి ఇండియా వెళ్లిపోవడమే మిగిలిందని నాన్న అంటుంటే విన్నాను. అమ్మ మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

ఆ వేసవిలో మా అమ్మమ్మ మా దగ్గరే ఉంది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు గానీ మహా మొండిది. శ్రావణ శుక్రవారం నాడు పేరంటం పెడతానంది. అమ్మ అందరినీ వాట్సాప్‌లో పిలిచింది. బొట్టు పెట్టకుండా పిలుపేమిటని గొణుక్కుంటూ, అమ్మమ్మ కుంకుమ భరిణె పట్టుకుని, గడియ తీసి కిందికి దిగింది. నేను వెనకే వెళ్లాను.

"నేను రాను అమ్మమ్మా. మీకే ఇబ్బంది అయితది," అంది అక్క.

అమ్మమ్మ ఆమె నుదుట బొట్టు పెట్టి పైకి వచ్చేసింది. పెద్దావిడ బొట్టు పెట్టి పిలిచాక వెళ్లకుండా ఉండటం ఎవరికైనా కష్టమే.

సాయంత్రం అక్క వచ్చేసరికి హాల్లో ఆంటీలంతా సోఫాల్లో సర్దుకున్నారు. అమ్మమ్మ అక్కను వరసలో మొదట కూర్చోబెట్టింది, ఆ పక్కన నన్ను. అమ్మమ్మ ఎత్తు నాకు పెద్దయ్యాక అర్థమైంది. పేరంటానికి వచ్చి, పసుపు వద్దని కాళ్లు వెనక్కి తీసుకునే ఆడది ఉండదు. అది అశుభం. అక్క పాదాలకు రాసిన చేత్తోనే నాకూ, ఆ తర్వాత వరసగా అందరికీ రాయాలని ఆవిడ ఆలోచన. వాదించి లాభం లేదని ఆవిడకు తెలుసు.

అమ్మ నా వైపే చూస్తోంది. అమ్మమ్మ పసుపు గిన్నెతో నేల మీద చతికిలబడి, అక్కను సాక్సు తీయమంది. ఒకటి వచ్చింది. రెండోది రాలేదు. అక్క గట్టిగా లాగింది. బొటనవేలి కింద అతుక్కుపోయిన బట్ట చర్మంతో సహా ఊడివచ్చింది, రక్తమూ చీమూ కారాయి. అక్క ముఖంలో ఏ మార్పూ లేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. పనికి వేసుకెళ్లే సేఫ్టీ షూ అడుగున మేకు ఒకటి పైకి పొడుచుకు వచ్చిందని తర్వాత చూశాం. మోచేతి మచ్చలాగే పాదాలకూ స్పర్శ పోయింది, ఎన్ని రోజులుగా దాని మీదే నడిచిందో ఏమో.

"ఎప్పుడు గుచ్చుకున్నదో నాకు తెల్వది," అంది అక్క.

"రోజూ కాళ్లు చూసుకోమని చెప్పలేదుటే ఆ డాక్టర్లు?" అంది అమ్మమ్మ.

"చెప్పిన్రు. పొద్దున కాలేజ్, తర్వాత వేర్‌హౌస్. వచ్చి పడుకుంట. కింద నేనొక్కదాన్నే, నా కాళ్లెవరు చూస్తరు అమ్మమ్మా."

అమ్మమ్మ పసుపు గిన్నె పక్కన పెట్టేసింది. ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుని చీర చెంగుతో అదిమి పట్టింది. అక్క అప్పుడు ఏడ్చింది. ఆంటీలు ఒక్కొక్కరే పార్కింగ్ అనీ, పిల్లల నిద్ర అనీ చెప్పి లేచారు. తాంబూలాలు తీసుకున్నవాళ్లు కూడా పసుపు రాయించుకోలేదు. అమ్మమ్మ ఎత్తు అలా పారకుండానే పోయింది.

అందరూ వెళ్లాక అమ్మ కాసేపు గుమ్మం దగ్గరే నిలబడింది. తర్వాత కారు తాళాలు తీసుకుని, అక్క భుజం పట్టుకుని లేపి ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. అప్పటికే చీము ఎముకదాకా పాకింది. బొటనవేలు తీసేశారు.

ఖాళీ చేయమనే మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ సాయంత్రం అక్క పాదాలు దీపం వెలుగులో తిప్పి తిప్పి చూసేది. ఆవిడ వెళ్లాక ఆ పని అమ్మ చేసింది. కానీ నిలబడి చేసే పని అక్క చేయలేకపోయింది, కూర్చుని చేసే పని ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఫీజు కట్టలేక, చలికాలం రాకముందే ఇండియా వెళ్లిపోయింది. జబ్బు పూర్తిగా నయమైందని ఒకసారి ఫోన్ చేసింది. ఊళ్లో మాత్రం ఎవరూ గడప తొక్కడం లేదంది. ఆ తర్వాత ఫోన్లు రాలేదు.

ఈ వయసులో కూడా ఎవరైనా నొప్పేం లేదంటే నేను నమ్మి ఊరుకోను. కూర్చోబెట్టి, వంగలేకపోయినా వంగి చూస్తాను. చాదస్తమని మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ. ఒక ఇల్లంతా మనుషులు పైన ఉండగా, కింద ఒక పిల్ల మేకు మీద నడిచింది.